పాడి ఇంట తేనెపెట్టె: మొదటి ఏడాది సంగతులు

పాలసంఘం పత్రికలో తేనెటీగల ప్రస్తావన ఎందుకని కొందరు సభ్యులు అనుకోవచ్చు. కారణం లేకపోలేదు. "గేదెలతో పాటు తేనెటీగలు కూడా పెట్టుకోవచ్చునా, రెండు పెట్టెలకు ఎంత వస్తుంది, అప్పు తీసుకొని పది పెట్టెలు కొంటే ఎట్లా ఉంటుంది" అనే ప్రశ్నలు సంఘాల సమావేశాలలో వినబడుతున్నాయి. గుజరాత్‌లో బనస్కాంఠా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం 2016 తరువాత తన సభ్యుల చేత తేనెటీగలను పెట్టించి, తేనెను కూడా సేకరించి అమ్మకానికి తెచ్చింది. 2020లో కేంద్ర ప్రభుత్వం 500 కోట్ల రూపాయలతో జాతీయ స్థాయిలో తేనెటీగల పథకం ప్రకటించింది. ఇవి విన్నవారికి ఆశ కలగడం సహజమే.

అయితే ఊళ్లలో అటకల మీద, గొడ్ల పాకల మూలల్లో దుమ్ము పట్టి పడి ఉన్న ఖాళీ తేనెపెట్టెలు కూడా మన కళ్ల ముందే ఉన్నాయి. కొన్నింటిలో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. పెట్టె పాడై అవి ఖాళీ కాలేదు. ఈగలు లేచిపోయాయి, అదీ చాలావరకు మొదటి వానాకాలంలోనే. తెచ్చినవారికి తేనె తీయడం గురించి చెప్పినవారున్నారు గాని, తేనె లేని రోజులలో ఈగలను ఎట్లా నిలుపుకోవాలో చెప్పినవారు తక్కువ. కావున మా సలహా ఇది: మొదటి ఏడాది రెండు పెట్టెలకు మించి తేవద్దు, అందుకోసం అప్పు చేయవద్దు, ఆ ఏడాది తేనెను లెక్కలో వేసుకోవద్దు. ఈ కార్తీకం నుండి వచ్చే కార్తీకం వరకు రెండు కుటుంబాలనూ బ్రతికించగలిగితే ఆ పని వచ్చినట్లే లెక్క.

రెండు ఎందుకు, ఒకటి చాలదా అని అడగవచ్చు. ఒకటి ఉంటే అది బాగున్నదో లేదో పోల్చి చూచుకోవడానికి మరొకటి ఉండదు. పైగా ఒక పెట్టెలో రాణి పోయినపుడు, రెండవ పెట్టె నుండి గుడ్లున్న పట్టు ఒకటి తీసి అందులో పెడితే ఆ ఈగలు కొత్త రాణిని తయారు చేసుకుంటాయి. ఒకే పెట్టె ఉన్నవానికి ఆ దారి లేదు.

ఏ ఈగలు?

మన ప్రాంతంలో తేనె పెట్టే ఈగలలో ముఖ్యమైనవి నాలుగు. పెద్ద చెట్లకు, కొండ చరియలకు, ఎత్తయిన మేడలకు ఒకే పెద్ద పెర పెట్టేది కొండ తేనెటీగ. అది పెట్టెలో ఉండదు, దాని జోలికి పోరాదు. పొదలలో, కొమ్మకు అరచేతి వెడల్పున చిన్న పట్టు పెట్టేది జుంటి తేనెటీగ. అదీ పెట్టెకు లొంగదు. చెట్టు తొర్రలలో, పుట్టలలో, పాత గోడల బొరియలలో, చీకటిలో, ఒకదాని పక్కన ఒకటిగా ఏడెనిమిది పట్లు కట్టేది పుట్టతేనెటీగ. ఇది మన దేశపు ఈగ, పెట్టెలో పెరుగుతుంది. నాల్గవది పడమటి దేశాల నుండి వచ్చిన ఇటాలియన్ ఈగ. 1960ల మొదట్లో హిమాచల్, పంజాబు ప్రాంతాలలో నిలదొక్కుకొని, తరువాత దక్షిణానికీ వచ్చింది.

ఇటాలియన్ ఈగ తేనె ఎక్కువ ఇస్తుందన్నది నిజమే. పెట్టెకు ఏడాదికి 25 నుండి 40 కిలోలు తీసేవారున్నారు. అయితే ఆ తేనె ఒక్కచోట కూర్చుంటే రాదు. ఆ పెట్టెలను రాత్రిపూట లారీ ఎక్కించి, పొద్దుతిరుగుడు పూసినపుడు ఒక జిల్లాకు, నువ్వులు పూసినపుడు మరొక జిల్లాకు, ఒక్కోసారి పక్క రాష్ట్రాలకు తరలిస్తూ, అక్కడే గుడారం వేసుకొని ఉండాలి. రెండు పూటలా పాలు పితికి సంఘంలో పోయవలసిన మనిషికి అది కుదిరే పని కాదు. పుట్టతేనెటీగ ఇచ్చేది తక్కువ. మంచి పూత ఉన్న చోట, చేయి తిరిగినవారి దగ్గర ఏడాదికి 5 నుండి 8 కిలోలు, కొత్తవారికి అంతకంటే తక్కువ. కాని అది మన ఎండకు, వానకు అలవాటు పడ్డ ఈగ. పెరటిలో ఉంటుంది, ఇల్లు కదలనక్కర లేదు. ఇటాలియన్ ఈగలను కుదేలు చేసే వరోవా అనే నల్లిని ఇది తన కాళ్లతో దులుపుకొని తట్టుకోగలదు. కావున పాడి ఉన్న ఇంటికి మొదట పుట్టతేనెటీగనే చెబుతున్నాము. దీనిలో ఒక్కటే దుర్గుణం: మనసుకు పట్టకపోతే ఇల్లు వదిలి పోతుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

పెట్టె లోపలి సంసారం

బలమైన పుట్టతేనెటీగల కుటుంబంలో పదిహేను, ఇరవై వేల ఈగలు ఉండవచ్చు. గుడ్లు పెట్టే రాణి ఒక్కతే. పనంతా చేసేవి కూలి ఈగలు. ఇవి ఆడవే గాని గుడ్లు పెట్టే స్థితిలో ఉండవు. పూత కాలంలో కొన్ని వందల పోతుటీగలు కూడా ఉంటాయి. వాటికి రాణితో జత కట్టడం తప్ప వేరే పని లేదు, ముల్లు కూడా లేదు. కూలి ఈగ పుట్టిన తరువాత మొదటి రెండు మూడు వారాలు లోపలి పని చేస్తుంది. గదులు శుభ్రం చేయడం, పిల్లలకు మేత పెట్టడం, మైనం తీసి పట్టు కట్టడం, వాకిట కాపలా కాయడం, ఇవన్నీ అయ్యాక బయటికి పోయి మకరందం, పుప్పొడి, నీరు తెస్తుంది. పని ముమ్మరంగా ఉన్న రోజులలో దాని ఆయుస్సు మొత్తం ఆరు వారాలకు అటూ ఇటూ.

ఈ లెక్క గుర్తుంచుకోవాలి. రాణి గుడ్లు పెట్టడం నెల రోజులు మానితే, పెట్టెలో ఈగల సంఖ్య చూస్తుండగానే సగానికి పడిపోతుంది. రాణి గుడ్లు పెట్టడం లోపలికి వచ్చే పుప్పొడి, మకరందాల మీద ఆధారపడి ఉంది. అంటే బయట పూలు ఆగిన రోజున లోపల సంసారం చిక్కడం మొదలవుతుంది.

ముందు పూలు లెక్క పెట్టండి

గేదెను కొనే ముందు మేత చూసుకుంటాం. పెట్టె తెచ్చే ముందు పూలు చూసుకోవాలి. పుట్టతేనెటీగ ఇంటి నుండి సుమారు కిలోమీటరు దూరం లోపలే మేతకు పోతుంది. ఆ దూరంలో ఏ నెలలో ఏమి పూస్తున్నదో ఒక కాగితం మీద వ్రాసుకోండి. చెట్లలో మామిడి, వేప, కానుగ, చింత, కుంకుడు, రేగు, నేరేడు, నీలగిరి, కొబ్బరి మంచివి. పైర్లలో పొద్దుతిరుగుడు, నువ్వులు, ధనియాలు, ఆవాలు, వలిసెలు, దోస జాతులు. మామిడి జనవరి, ఫిబ్రవరి నెలలలోను, వేప, కానుగ ఎండలు ముదిరేటప్పుడు పూస్తాయి. కొబ్బరి తోటలున్న గోదావరి జిల్లాల వారికి ఏడాది పొడుగునా ఏదో ఒక గెల విచ్చుతూనే ఉంటుంది గనుక వారు అదృష్టవంతులు. మెట్ట ప్రాంతాల వారికి జూలై నుండి సెప్టెంబరు వరకు కాగితం ఖాళీగా కనబడుతుంది. ఆ ఖాళీ ఎంత పెద్దదో, మీ పని అంత ఎక్కువ. ఊరి చుట్టూ వరి తప్ప మరేమీ లేకపోతే ఈ పని పెట్టుకోకపోవడమే మంచిదని చెప్పక తప్పదు.

ఆ ఖాళీని కొంత పూడ్చే వీలు పాడిరైతు చేతిలోనే ఉన్నది. మొక్కజొన్న, జొన్నల కంకి నుండి ఈగలు పుప్పొడి తీసుకుంటాయి. లేత జొన్న మేపితే పశువుకు నాము తగులుతుందని పూత వచ్చాకే కోస్తాం కదా, ఆ పూత రోజులు ఈగలకు పనికివస్తాయి. మేత మొక్కజొన్నను పది, పదిహేను రోజుల తేడాతో మళ్లు మళ్లుగా విత్తితే పశువులకు పచ్చిమేత, ఈగలకు పుప్పొడి రెండూ వరుసగా అందుతాయి. లూసర్ను పూతకు రాగానే కోస్తాము గనుక ఈగలకు దక్కేది తక్కువ. గట్టు పొడుగునా ఒక సాలు కోయకుండా వదిలితే విత్తనమూ వస్తుంది, పూలూ ఉంటాయి. గట్ల మీద అవిసె, కానుగ వేసుకోవచ్చు.

పెట్టె, పనిముట్లు

కదిలే చట్రాల పెట్టెకు మూలం 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాదిరి గమనించిన చిన్న విషయం. పట్టుకూ పట్టుకూ, పట్టుకూ గోడకూ మధ్య ఒక ఈగ దూరేంత సందు, అంటే సుమారు అంగుళంలో మూడో వంతు, వదిలితే ఈగలు దానిని మైనంతో పూడ్చవు, దారిగా వాడుకుంటాయి. సందు ఎక్కువైతే అడ్డదిడ్డంగా పట్టు కడతాయి, తక్కువైతే అంటిస్తాయి. మన దక్షిణాదిలో పుట్టతేనెటీగకు సరిపడే చిన్న పెట్టెను 1910 ప్రాంతంలో తిరుచిరాపల్లిలో ఫాదర్ న్యూటన్ రూపొందించి అక్కడివారికి నేర్పారు. ఇప్పటికీ న్యూటన్ పెట్టె అనే పిలుస్తారు. ఊరి వడ్రంగి చేత చేయించుకొనేవారు ఈ సందు కొలత తప్పకుండా చూడాలి. కొలత తప్పిన పెట్టె ఎంత మంచి చెక్కదైనా చెడ్డ పెట్టే. రెండు పెట్టెలూ ఒకే కొలతవి కావాలి. లేకపోతే ఒకదాని చట్రం మరొకదానికి పనికిరాదు.

పెట్టెలో కింద అడుగు పలక, దానిమీద పిల్లల గది, దానిపై తేనె గది, పైన మూత. పిల్లల గదిలో ఏడెనిమిది చట్రాలు పడతాయి. ఇవి గాక పొగడబ్బా, ముఖానికి వల ముసుగు, పట్టు కోసే కత్తి ఉంటే చాలు. తేనె తీసే యంత్రం మొదటి ఏడాది కొనవద్దు.

ఎక్కడ పెట్టాలి?

పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడేచోట, వాకిలి తూర్పుకు ఉండేలా, మోకాలి ఎత్తు స్టాండు మీద పెట్టాలి. స్టాండు నాలుగు కాళ్ల కింద నీళ్లు నింపిన గిన్నెలు ఉండాలి, లేకపోతే చీమలు ఒక్క రాత్రిలో పని పూర్తి చేస్తాయి. వేసవిలో గిన్నెలలో నీరు ఎండిపోయినదేమో రోజూ చూడాలి.

పాడి ఉన్న ఇళ్లకు మరికొన్ని జాగ్రత్తలు చెప్పాలి. పెట్టెను గొడ్ల పాకకు కనీసం పదిహేను గజాల దూరంలో, మధ్య ఒక దడి గాని, పొద గాని అడ్డం ఉండేట్లు పెట్టండి. పశువుల చెమట వాసన, తోక విదిలింపులు ఈగలకు గిట్టవు. ఈగలు రేగిన రోజున మనిషి పరుగెత్తగలడు, గుంజకు కట్టిన గేదె పరుగెత్తలేదు. కట్టు మీద ఉన్న పశువును గుంపుగా కుడితే ప్రాణాపాయం. వాకిలి ఎదుట ఎప్పుడూ పశువును కట్టవద్దు. ఈగలకు నీరు కావాలి. మీరు పెట్టకపోతే కుడితి తొట్టికి వస్తాయి, గేదె మూతి పెట్టనివ్వవు. పెట్టెకు దగ్గరలో ఒక మట్టి మూకుడులో గులకరాళ్లు వేసి నీరు పోసి ఉంచండి. మొదటి రోజు నుండి ఉంచితే అక్కడికే అలవాటు పడతాయి.

పిడుదులకు, జోరీగలకు పాకలో చల్లే మందులు తేనెటీగలనూ చంపుతాయి. చల్లేది పొద్దుగూకిన తరువాత, ఈగలు ఇల్లు చేరాక చల్లండి. ఆ రాత్రి నీటి మూకుడు మీద మూత వేయండి.

ఈగలను తెచ్చుకోవడం

అనుభవం ఉన్నవారి వద్ద నుండి కుటుంబాన్ని కొనడం ఒక దారి. కొనేటప్పుడు పెట్టె మూత తీయించి చూడాలి. నాలుగైదు చట్రాల నిండా ఈగలు, గుడ్లు, పిల్లలు ఉండాలి. చూపించడానికి సందేహించేవారి దగ్గర కొనవద్దు. వట్టిపోయిన గేదెను చీకట్లో అమ్మేవాడు ఎట్లాంటివాడో ఇదీ అంతే.

రెండవది, తొర్రలో గాని పుట్టలో గాని ఉన్న పట్టును పెట్టెలోకి మార్చుకోవడం. మొదటిసారి ఇది తెలిసినవాని పక్కన ఉండి చేయవలసిన పని. సాయంత్రం పూట, కొద్దిగా పొగ వేసి, రంధ్రం పెద్దది చేసి, పట్లను ఒక్కొక్కటి కోసి బయటికి తీస్తారు. తేనె ఉన్న పై భాగం వేరు చేసి, పిల్లలున్న భాగాన్ని చట్రానికి సరిపడా కోసి, అరటి నారతో చట్రానికి కడతారు. దారం వద్దు, నారే మంచిది. రెండు మూడు రోజులలో ఈగలు మైనంతో పట్టును చట్రానికి అతికించి, నారను అవే కొరికి బయట పారవేస్తాయి. పట్టును కట్టేటప్పుడు తలకిందులు చేయరాదు. పుట్టలో ఏ వైపు పైకి ఉన్నదో చట్రంలోనూ ఆ వైపే పైకి ఉండాలి. తరువాత గుంపుగా చేరిన ఈగలను చేతితోనే నెమ్మదిగా పెట్టెలోకి చేరవేస్తారు. రాణి చేరితే మిగిలినవన్నీ వాటంతట అవే లోపలికి నడుస్తాయి. రాణి దూరలేని సన్నని సందుల తలుపు వాకిటికి నాలుగైదు రోజులు పెట్టి ఉంచితే లేచిపోయే భయం తగ్గుతుంది. కొత్త చోట పుప్పొడి ముద్దలు కాళ్లకు పెట్టుకొని ఈగలు లోపలికి పోవడం కనబడితే కుదురుకున్నట్లే.

దీనికి తగిన కాలం వానలు వెనుకబట్టాక, అక్టోబరు, నవంబరు నెలలు. ముందు పూత కాలం ఉంటుంది గనుక ఈగలు బలపడతాయి, మీకూ నేర్చుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. మే నెలలో తెచ్చుకొన్నవాడు నేర్చుకోకముందే వానాకాలం పరీక్షకు కూర్చున్నట్లవుతుంది.

చూడడం ఎట్లా?

పొద్దున్నే గేదె నెమరు వేస్తున్నదా, ముట్టె తడిగా ఉన్నదా అని చూచినట్లే, రోజూ రెండు నిమిషాలు పెట్టె వాకిలి దగ్గర నిలబడి చూడండి. పక్కన నిలబడాలి, ఎదుట కాదు. పుప్పొడి వస్తున్నదంటే లోపల పిల్లలున్నాయి. వాకిట మైనపు తుక్కు రాలితే పురుగు చేరినట్లు. చచ్చిన ఈగలు కుప్పగా పడితే ఎక్కడో మందు చల్లినట్లు.

మూత తీసి చూడడం పూత కాలంలో పది రోజులకొకసారి చాలు. ఎండ కాసే రోజున, పొద్దున తొమ్మిది, పదకొండు గంటల మధ్య చూడాలి. ముసురు పట్టిన రోజున తీయరాదు. కొబ్బరి పీచు గాని, పాత గోనెగుడ్డ గాని పొగడబ్బాలో రాజేసి వాకిట రెండు మూడు ఊపులు ఊపితే చాలు. అదే పనిగా పొగ పెట్టి ఈగలను ఉక్కిరిబిక్కిరి చేయడం కొత్తవారందరూ చేసే పని. చట్రాన్ని నిలువుగానే ఎత్తి చూడాలి, పళ్లెంలా అడ్డంగా తిప్పితే పచ్చి తేనె కారుతుంది. రాణిని వెదకుతూ కూర్చోనక్కర లేదు. గది అడుగున తెల్లని దారపు తునకలా గుడ్డు నిలబడి కనబడితే చాలు. గుడ్డు మూడు రోజులకు పిల్ల అవుతుంది గనుక, మూడు రోజుల క్రితం వరకు రాణి అక్కడ ఉన్నట్లే. పట్టు కింది అంచున వేరుశనగ కాయలా గదులు వేలాడుతుంటే అవి కొత్త రాణుల గదులు. కుటుంబం రెండుగా విడిపోయే ఆలోచనలో ఉన్నదని తెలుసుకోవాలి.

కుట్టకుండా ఉంటాయని మేము చెప్పము. కుట్టిన చోట ముల్లు మిగిలి ఉంటుంది, దానిని వేళ్లతో నలపక గోరుతో గీరివేయాలి. వాపు, దురద సహజం. కాని ఒళ్లంతా దద్దుర్లు లేచినా, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇంట్లో అట్లాంటి వారుంటే ఈ పని మానుకోండి.

వానాకాలం

ఇక అసలు సంగతికి వచ్చాము. జూన్‌లో వానలు పడగానే పూలు తగ్గుతాయి, ఉన్న పూలలో మకరందం వానకు కడిగిపోతుంది, ఈగలు బయటికి పోలేవు. లోపల దాచుకున్న తేనె తింటూ కాలం గడపాలి. ఏప్రిల్, మే నెలలలో మనం ఆశపడి పిల్లల గదిలోని తేనె కూడా తీసివేసి ఉంటే, అవి తినడానికేమీ ఉండదు. దూడకు చుక్క వదలకుండా పొదుగంతా పిండుకొన్నట్లే ఇది. పిల్లల గదిలోని తేనె ఎన్నడూ మనది కాదు. మనది తేనె గదిలోనిదే, అందులోనూ ఆఖరి పూత తేనెలో కొంత వాటికి వదలాలి.

అయినా చాలకపోతే మేత పెట్టాలి. పంచదార, నీరు సమభాగాలుగా కరిగించి చల్లార్చిన పాకం, పెట్టెకు వారానికి పావు కిలో పంచదార చొప్పున ఇవ్వవచ్చు. బెల్లం వద్దు, ఈగలకు విరేచనాలు పట్టుకుంటాయి. మూతకు సన్నని చిల్లులు పొడిచిన సీసాలో పోసి, చట్రాల పైన తలకిందులుగా నిలిపితే ఈగలు కింద నుండి పీల్చుకుంటాయి. ఇచ్చేది చీకటి పడ్డాకే. ఒక్క బొట్టు కూడా బయట ఒలకరాదు. పగలు పెడితే, ఒలకబోస్తే, పక్క పెట్టె ఈగలు వాసన పట్టి దోపిడికి వస్తాయి. బలహీనమైన పెట్టెను ఒక్క పూటలో ఖాళీ చేస్తాయి. రెండు పెట్టెలకూ ఒకే రాత్రి ఇవ్వాలి. పాకం పట్టిన రోజులలో తేనె గదిని పెట్టె మీద నుండి తీసివేయాలి, లేకపోతే రేపు మీరు తీసేది తేనె కాదు, పంచదార పాకం.

రెండవ జాగ్రత్త ఇల్లు కుదించడం. ఈగలు తగ్గి నాలుగు చట్రాల మీదే ఉంటే, మిగిలిన ఖాళీ పట్లను తీసివేయాలి. ఈగలు కప్పని పట్టు మైనపు పురుగుకు నిలయం. రాత్రిపూట దూరే బూడిద రంగు రెక్కల పురుగు గుడ్లు పెడుతుంది, దాని పిల్లలు పట్టులో సొరంగాలు చేసి సాలెగూడు లాంటి దారం అల్లుతాయి. అది ఎక్కువైతే పుట్టతేనెటీగ పోరాడదు, లేచిపోతుంది. వారానికొకసారి అడుగు పలక మీది తుక్కు గీకి శుభ్రం చేయడం పది నిమిషాల పని. ఈ పది నిమిషాల పని చేయనందువల్లనే అటకల మీది పెట్టెలలో సగం అటక ఎక్కాయని మా అభిప్రాయం.

మూడవది, మాటిమాటికీ మూత తీయకపోవడం. వానాకాలంలో పదిహేను రోజులకొకసారి చాలు. కొత్తవారికి ఉత్సాహం ఎక్కువ, వచ్చిన చుట్టాలందరికీ మూత తీసి చూపిస్తారు. ఈగలకు ఆ మర్యాద అక్కర లేదు.

కందిరీగలు, పసిరిక పిట్టలు, బల్లులు కొద్దో గొప్పో నష్టం చేస్తాయి. పెట్టె వాకిలి చిన్నది చేసి, దగ్గరలో ఉన్న కందిరీగల తుట్టెలను తీసివేయించాలి. వీటికంటే పెద్ద శత్రువు థాయ్ శాక్‌బ్రూడ్ అనే పిల్లల జబ్బు. 1991, 92 సంవత్సరాలలో ఇది దక్షిణ రాష్ట్రాలలో పుట్టతేనెటీగల కుటుంబాలను చాలావరకు తుడిచిపెట్టింది. పిల్ల గదిలో నీరు నిండిన సంచిలా అయి, తల పైకెత్తి చచ్చి ఉంటుంది. ఇది వైరస్ జబ్బు, మందు లేదు. అట్లా కనబడిన పెట్టె నుండి పట్టును గాని, తేనెను గాని మరొక పెట్టెకు మార్చవద్దు, చేతులు, కత్తి కడగకుండా రెండవ పెట్టె ముట్టవద్దు. ఎవరో చెప్పారని యాంటీబయాటిక్ పొడులు పాకంలో కలుపవద్దు. వైరస్‌కు అవి పని చేయవు, తేనెలో మాత్రం మిగులుతాయి. సూది వేసిన గేదె పాలు సంఘంలో ఎందుకు పోయకూడదో సభ్యులకు చెప్పనక్కర లేదు.

పక్క చేను మందు

మీరు అన్నీ సరిగా చేసినా, పక్క చేను రైతు పూత మీద మందు కొడితే ఒక్క పూటలో కుటుంబం పోతుంది. ఈగలకు గట్టు తెలియదు. మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు, పొద్దుతిరుగుడు మీద పచ్చపురుగుకు, 2018 నుండి మొక్కజొన్నను పట్టిన కత్తెర పురుగుకు మందులు కొడుతూనే ఉన్నారు. కొట్టవద్దని చెప్పడం కుదరదు, వారి పంట వారిది. కాని పువ్వు విచ్చక ముందు గాని, పిందె కట్టాక గాని కొట్టవచ్చు. పూత మీద తప్పనిసరైతే సాయంత్రం కొట్టవచ్చు, ముందురోజు మీకు ఒక మాట చెప్పవచ్చు. చెబితే ఆ రాత్రే వాకిలికి గాలి ఆడే ఇనుప వల అడ్డం పెట్టి, పైన తడిగోనె కప్పి, లోపల కాస్త పాకం ఉంచి మరునాడు ఈగలను ఆపుకోవచ్చు. ఒక్క రోజుకు మించి ఆపితే ఉక్కకు చస్తాయి.

ఈ మాట అడగడానికి పాలసంఘం కంటే మంచి చోటు లేదు. రోజుకు రెండుసార్లు ఊరి రైతులందరూ క్యానులతో వచ్చే చోటు అది. పెట్టెలు తెచ్చే ముందే, చుట్టూ కిలోమీటరు లోపల చేలున్నవారితో మాట్లాడండి. ఈగలు వాలిన పొద్దుతిరుగుడు పువ్వులో తాలు గింజలు తగ్గి గింజ నిండుతుందని, ఎకరాకు రెండు పెట్టెలు పెట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలే చెబుతారని వారికి చెప్పండి. దోస, గుమ్మడి, నువ్వు చేలవారికీ లాభమే. మాటకు ఒప్పుకోనివారు ఎక్కువ ఉన్నచోట పెట్టెలు తేవద్దు.

తేనె వస్తే

చట్రంలోని గదులకు ముప్పాతిక వంతు మైనపు మూత పడ్డాకనే తేనె తీయాలి. మూత పడని తేనె పచ్చిది, నీరు ఎక్కువ ఉంటుంది, పులుస్తుంది. తేనెలో నీరు నూటికి ఇరవైకి మించరాదన్నది ఆహార ప్రమాణం. పాలకు లాక్టోమీటరు ఉన్నట్లే తేనెలో నీటి శాతం చూడడానికి చేతిలో పట్టే చిన్న పరికరం దొరుకుతుంది. దానిని సంఘానికి ఒకటి కొంటే చాలు. తిప్పి తీసే యంత్రం కూడా అంతే, పది మంది సభ్యులకు ఒకటి సరిపోతుంది. దానితో తీస్తే పట్టు చెడదు, తిరిగి పెట్టెలో పెడితే ఈగలు మళ్లీ నింపుతాయి. పిండి తీసిన తేనెలో పిల్లల రసం, పుప్పొడి కలిసి త్వరగా చెడిపోతుంది. తీసిన తేనెను పలుచని గుడ్డలో వడకట్టి, పొడిగా ఉన్న స్టీలు పాత్రలో గాని, గాజు సీసాలో గాని మూత బిగించి ఉంచాలి. తడి తగిలిన పాత్రలో పోస్తే ఇంత శ్రమా వృథా.

చలికి తేనె పేరుకుంటే కల్తీ అని కొనేవారు గొడవ చేస్తారు. చాలా పూల తేనెలు పేరుకోవడం సహజం. సీసాను గోరువెచ్చని నీటిలో నిలిపితే కరుగుతుంది. కుక్క ముట్టదని, ఒత్తి ముంచి వెలిగిస్తే మండుతుందని చేసే పరీక్షలు నమ్మదగ్గవి కావు. ఈ రోజులలో కలిపే పంచదార ద్రవాలు మామూలు పరీక్షలకే దొరకడం లేదని 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బయటపెట్టింది. తెలిసిన సంఘం ముద్ర ఉన్న తేనెకు గిరాకీ ఉండడానికి అదే కారణం. మరొక మాట: ఏడాది నిండని పసిబిడ్డకు తేనె నాకించే ఆచారం మన ఇళ్లలో ఉన్నది, అది మానాలి. తేనెలో అరుదుగా ఉండే ఒక సూక్ష్మజీవి పెద్దలను ఏమీ చేయదు గాని, పసివారి పేగులలో విషం పుట్టిస్తుంది.

రాయితీలు, శిక్షణల సంగతి ఉద్యానశాఖ మండల అధికారిని, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగండి. నిబంధనలు ఏటా మారుతుంటాయి గనుక ఇక్కడ వ్రాయడం లేదు. శిక్షణ ముందు, పెట్టె తరువాత అనే వరుస మాత్రం తప్పవద్దు. పాల బిల్లు పక్షానికొకసారి వస్తుంది, తేనె డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తే వచ్చినట్లు. రెండవ కార్తీకానికి మీ రెండు పెట్టెలూ ఈగలతో నిండి ఉంటే, ఒక్కొక్కదానిని రెండుగా విడదీసి నాలుగు చేసుకోవచ్చు. ఆ విధానం మరొక సంచికలో వివరిస్తాము.